నాలుగో బావిలో సుత్తి చప్పుడు

నాలుగో బావి పేరెత్తితే చాలు, ఆ రోమను కొండ ఊళ్ళో ఎంతటి మొనగాడైనా దెయ్యం సోకకుండా ఎదురొమ్ము మీద మూడుసార్లు ఉమ్ముకునేవాడట.

తాగే నీళ్ళ బావి కాదది. ఊరికి నీళ్ళు తెచ్చే కాలువ కొండ కిందుగా వెళ్ళాలి కదా, ఆ సొరంగంలోకి దిగడానికి పైనుంచి తవ్విన గొయ్యి. పైన గిలకా, దాన్నుంచి కిందికి వేలాడే తాడూ. డామా అనే కూలీ మీద మట్టిపెళ్ళ విరిగిపడి అందులోనే పోయాడు. శవం కూడా దొరకలేదు. అప్పట్నుంచీ రాత్రిపూట లోపల... టక్... టక్... అని సుత్తి చప్పుడు!

సబిడియస్‌కీ భయమే. కానీ ఆ రాత్రి భయం కన్నా కడుపుమంట ఎక్కువైంది.

మంటంతా హెల్వియస్ మీద. ఇద్దరూ ఒకే గురువు దగ్గర కొలతలు నేర్చుకున్నారు. వాడు చిన్నవాడు. అయినా సొరంగం ఏ దారిన పోవాలో తేల్చే పని వాడికే దక్కింది. కొండ మీద వాడు పాతిన మేకుల వరస చూసుకునే, అటునుంచి వాడూ ఇటునుంచి సబిడియసూ మనుషుల్ని పెట్టి తవ్వించుకొస్తున్నారు. మధ్యలో కలిస్తే పేరంతా వాడిదే. ఊరు ఊరంతా వాణ్ణి నెత్తిన పెట్టుకుంది. ఆఖరికి కట్టుకున్న రూబ్రియా కూడా, "హెల్వియస్ కొలిస్తే వెంట్రుకవాసి తేడా రాదటండీ!" అంది రొట్టె వడ్డిస్తూ. ఇక ఆ రొట్టె గొంతు దిగితేనా?

అందుకే చచ్చినవాళ్ళు ఇళ్ళకొచ్చే రాత్రి చూసుకుని బయల్దేరాడు. ఆ రాత్రి ప్రతి ఇంటి పెద్దా చెప్పుల్లేకుండా తిరుగుతూ, నల్ల చిక్కుడు గింజలు విసిరి దెయ్యాల్ని సాగనంపుకుంటూ ఉంటాడు. కొండ మీద పురుగు కూడా ఉండదు. బావి పక్కనున్న మేకును కాస్త జరిపితే సరి — రెండు సొరంగాలూ ఒకదాన్నొకటి తప్పిపోతాయి. తప్పు హెల్వియస్ మెడకి చుట్టుకుంటుంది.

మేకు పట్టుకుని ఊపాడు. కదిలింది...

టక్.

మేకు వదిలేశాడు. మళ్ళీ... టక్... టక్... సరిగ్గా కాళ్ళ కిందే! ఏవో రాళ్ళు జారిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఇంట్లో విసరగా నడుం సంచిలో మిగిలిన గింజలు గుప్పిట్లోకి తీసి బావిలోకి విసిరాడు. "ఈ గింజలతో నన్నూ నా వాళ్ళనీ విడిపించుకుంటున్నాను... పో నాయనా, పో..."

కిందనుంచి, సన్నగా —

"అన్నా... సబిడియస్ అన్నా... నువ్వేనా? ఎందుకొచ్చావ్?"

సబిడియస్ చేతులు జోడించాడు. "డామా! నీ జోలికి రాలేదురా బాబూ! ఈ మేకు జరుపుదామనొచ్చాను, అంతే. ఆ హెల్వియస్ గాడు నవ్వులపాలవ్వాలి. వాడి పేరు వింటే నాకు నిద్రపట్టదు..."

 తర్వాత అడుగున చిన్న దీపం కదిలింది. ఆ వెలుగులో దుమ్ము కొట్టుకున్న ముఖం...

డామా కాదు. హెల్వియస్!

"రాత్రిళ్ళు దిగడానికి కూలీలు భయపడుతున్నారన్నా. అందుకే రోజూ నేనొక్కణ్ణే తవ్వుతున్నా. ఇందాకే మీ వైపు గోడ పగిలింది. కలిసిపోయాం."

సబిడియస్ మేకు వైపు చూశాడు. ఇంక మేకు జరిపి ఏం లాభం?

"నువ్వన్నది ఎవరికీ చెప్పన్లే," అన్నాడు హెల్వియస్. "నిన్ను చూస్తే జాలేస్తోంది. శిలాఫలకం మీద నీ పేరు కూడా చెక్కమంటాను, సరేనా? తాడు కట్టుకున్నా... లాగు."

జాలి! పేరు వాడికే, పైగా ఈ మంచితనం కూడా వాడికేనా?

సబిడియస్ పళ్ళు నూరుతూ గిలక పిడి తిప్పాడు. తాడు బిగిసింది. మనిషి బరువంతా చేతుల్లోకొచ్చింది. ఒక చుట్టు... ఇంకో చుట్టు... సగం దూరం వచ్చాక దీపం గాలికి ఆరిపోయింది.

సబిడియస్ చేతులు ఆగాయి.

"అన్నా...? ఏమైంది? లాగన్నా..."

గిలక పిడి గిర్రున వెనక్కి తిరిగింది.

తెల్లారి ఇల్లు చేరి, సొరంగాలు రెండూ కలిశాయని చెప్పాడు.

"అమ్మయ్య! ఎవరు కలిపారండీ?" అంది రూబ్రియా.

"నేనే," అన్నాడు.