ఆషాఢంలో వెలిగిన బోర్డు

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఒక కల్యాణ మండపం ఉండాది. పొద్దు గూకినాక ఎవరూ దాని పక్క తలెత్తి చూడరు. ఒకసారి ముహూర్తానికి ముందర మునీశ్వరి అనే పెండ్లికూతురు వెనక గదిలో చిక్కుకుపోయిందంట. మేళం మోతలో ఆ పాప తలుపు కొట్టింది ఎవరికీ వినపడలేదంట... తీసేసరికి ఊపిరి లేదు.

మండపం ముందర రోడ్డుకు కనపడేటట్టు పెండ్లివాళ్ల పేర్లు వెలిగే ఎల్ఈడీ బోర్డు వైర్లన్నీ ఇప్పుడు ఆ గదిలోనే. దాన్ని సరిచేసేదానికి కుప్పం నుంచి నవనీత వచ్చింది.

వాచ్‌మన్ రెడ్డెప్ప గేటు దాటలేదు. తాళాలు చేతికిచ్చి, “పని అయినాక ఈ రాయి కింద పెట్టి పోమ్మా. ఆషాఢం కదా, పెండ్లిండ్లు లేవు. శ్రావణం దాకా నేను ఈ పక్క రాను” అన్నాడు.

పని అయిపోవచ్చేసరికి చీకటి పడింది. గాలి వీచింది — తలుపు దభీమని మూసుకుంది. బయటి గడియ పడిన చప్పుడు...

లోపల పిడి లేదు. కిటికీ లేదు, గోడపైన జానెడు సందు తప్ప. ఫోన్ బయట స్కూటీ డిక్కీలో మోగి మోగి ఆగిపోయింది. అమ్మ అయ్యుంటుంది.

అరిచింది. రోడ్డు మీద లారీల మోత.

ఇంక మిగిలింది ల్యాప్‌టాప్. పైథాన్‌లో తను రాసిన ప్రోగ్రాం — అందులో ఏ మాట పెడితే ఆ మాట బోర్డు మీద నడుస్తుంది. గబగబా కొట్టింది: ‘తలుపు తీయండి.’

బైకు ఆగింది. సందులోంచి ఆడమనిషి గొంతు, బెదురుతా... “మునీశ్వరే. బండెందుకు నిలిపినావు? పోనీ.”

‘నేను దెయ్యాన్ని కాదు’ అని మార్చింది.

ఆటోలో ఎవరో అన్నారు — “కాదంట సూడు. ఏ దెయ్యం ఒప్పుకుంటాదప్పా?” ఆటో ఇంకా జోరుగా పోయింది.

కరెంటు పోయి, ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోతా కుయ్యిమనడం మొదలుపెట్టింది. అది ఆగితే బోర్డు ఆరిపోతుంది. ఆరితే... శ్రావణం దాకా ఎవరొస్తారు?

‘నేను నవనీత. కుప్పం. ఒక్కదాన్నే ఉండాను. రెడ్డెప్పను పిలవండి.’

అది పంపించి, గోడకు ఆనుకొని కండ్లు మూసుకుంది.

ఎంతసేపటికో గడియ కదిలింది. టార్చి వెలుగు. రెడ్డెప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నవనీత బోర్డుకు కరెంటిచ్చే వైరు పీకి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుంది. ఇద్దరూ గేటు దాకా పరుగు. వెనకాల తలుపు మళ్లీ పడింది.

“ఎవరో వచ్చి బోర్డు మీద నా పేరు నడస్తాండాదని చెప్పినారు. దెయ్యానికి నాతో ఏం పని అని వచ్చినా” అన్నాడు రొప్పుతా. మళ్లీ గొంతు తగ్గించి — “ఇంగొక పాప యాడమ్మా?”

“ఎవరప్పా? ఒక్కదాన్నే అని రాసినా కదా.”

“లేదమ్మా... నేను సూసినప్పుడు ‘ఇద్దరం ఉండాము’ అని ఉండాది.”

నవనీత మెల్లగా వెనక్కి తిరిగింది.

వైరు పీకేసిన బోర్డు మీద ఎర్రటి అక్షరాలు నడస్తాండాయి —

‘మళ్లీ నన్ను వదిలేసి పోతాండారు.’