లెక్కకు రాని ఆరు మైళ్ళు

1964 జూన్ 9. సాయంత్రం నాలుగూ ఇరవై.

శవం రోడ్డు పక్క గుంటలో ఉంది. పది గజాల వెనక మోటార్ సైకిల్ పడి ఉంది.

పోయినవాడు భవానీప్రసాద్. రైసుమిల్లుల్లో నిల్వలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్. జగ్గయ్యపేటలో దశరథరామయ్య మిల్లు చూసి నందిగామ తిరిగి వెళుతున్నాడు. బర్రెలు అడ్డం వచ్చాయి. బ్రేకు పట్టాడు. ముందు చక్రం బిగుసుకుపోయింది.

బర్రెలు కాసే ఆదెమ్మ అంతా చూసింది. అతని ముఖం మీద తన తుండుగుడ్డ తడిపి కప్పింది కూడా ఆమే.

సి.ఐ. వెంకటరత్నం చక్రం పక్కన కూర్చున్నాడు. బ్రేకు ప్లేటుకు ఒక గాడి. చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు ఒక బొడిపె. బొడిపె గాడిలో కూర్చుంటేనే ప్లేటు కదలదు. ఇక్కడ కూర్చోలేదు. ప్లేటు తిరిగిపోయి కేబులు దానికి చుట్టుకుంది.

"పొద్దున ఈ చక్రం విప్పింది నందిగామ మెకానిక్ కృపారావు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "పట్టుకొచ్చాం."

వెంకటరత్నం మీటరు చూశాడు. 6429. మైలురాయి చూశాడు. జగ్గయ్యపేట 6. పోయినవాడి జేబులోంచి లాగ్‌బుక్ తీశాడు.

"బండిని, మనిషిని మిల్లుకు తీసుకురండి. టైరు విప్పించండి."

ఆరున్నరకి మిల్లు ముందు యాభైమంది పోగయ్యారు. కృపారావు చేతులకు బేడీలు. పెదవి పగిలింది. ఎవరు కొట్టారో ఎవరూ చెప్పలేదు.

"చర్చి వెనక పేటవాళ్ళ చేతికి స్పానరిస్తే ఇంతేనండి," అన్నాడు దశరథరామయ్య కుర్చీలోంచి. "ఉరి తీసినా పాపం లేదు."

"పొద్దున ఏం చేశావు?" సి.ఐ. అడిగాడు.

"కొత్త ట్యూబు వేశానండి. చక్రం బిగించి, బ్రేకు నొక్కి చూసి ఇచ్చా," అన్నాడు కృపారావు.

"అబద్ధం," ఎవరో అరిచారు.

వెంకటరత్నం లాగ్‌బుక్ తెరిచాడు.

"నందిగామలో బయల్దేరింది ఎనిమిదిన్నర. మీటరు 6412. మిల్లుకు చేరింది తొమ్మిదీ ఇరవై. 6429. రాసింది భవానీప్రసాద్ గారే. ఇప్పుడు మీటరెంతో మీరే చూడండి."

దశరథరామయ్య లేవలేదు. హెడ్ కానిస్టేబుల్ వంగి చూశాడు. "6429 సార్. పడ్డప్పుడు ఆగిందేమో."

"పడింది ఇక్కడికి ఆరు మైళ్ళ అవతల. ఆ ఆరూ ఏమయ్యాయి?"

హెడ్ కానిస్టేబుల్ మీటరు అద్దం తుడిచి మళ్ళీ చూశాడు.

"మీటరు తిప్పే గేరు ముందు చక్రం పక్కనే ఉంటుంది. చక్రం బిగించేటప్పుడు సరిగ్గా కూర్చోకపోతే మీటరు కదలదు. కృపారావు బిగించాక పదిహేడు మైళ్ళు కదిలింది. మిల్లుకు వచ్చాక కదల్లేదు. అంటే చక్రాన్ని ఇక్కడ మళ్ళీ విప్పారు."

"ఎవరికి అవసరం?" అన్నాడు దశరథరామయ్య.

సి.ఐ. ట్యూబు పైకెత్తాడు. కొత్త ట్యూబుకు మందపాటి అతుకు. "లారీ ట్యూబు ముక్క ఇది. మీకు లారీలెన్ని?"

"ఒకటి."

"డ్రైవరెవరు?"

గుంపు పక్కకు జరిగింది. లారీకి ఆనుకుని రత్తయ్య ఒక్కడే మిగిలాడు.

"నోరు మూసుకో రత్తయ్యా," అన్నాడు దశరథరామయ్య.

"పొద్దుట్నుంచీ మూసుకునే ఉన్నా అయ్యగారూ," అన్నాడు రత్తయ్య. "టైరుకు మేకు కొట్టమన్నారండి. కొట్టా. బండి బాగయ్యేదాకా ఆగమని ఆయన్ని లోపల భోజనానికి కూర్చోబెట్టి, కాటా పెట్టని, లెక్కలో లేని బస్తాలు వెనక గేటు దాటించారు. తర్వాత అతుకేసి బిగించమన్నారు. చంపమన్లేదండి. ఆయన పోయాడని తెలిశాక, మేం చక్రం ముట్టుకోలేదని చెప్పమన్నారు."

"ఆయన నన్ను కట్టుబట్టలతో నిలబెట్టి నా మిల్లుకు సీలు వేద్దామని వచ్చాడు," అన్నాడు దశరథరామయ్య. "బస్తాలు కాపాడుకోవడం హత్యా?"

"హత్య అని నేననలేదు. తెలిసీ ఈ మనిషిని ఉరికంబం దాకా పంపబోయారు. జీపెక్కండి."

హెడ్ కానిస్టేబుల్ కృపారావు బేడీలు విప్పి రత్తయ్యకు వేశాడు. కృపారావు మీద ఉమ్మడానికి వచ్చినవాళ్ళు ఇళ్ళకు మళ్ళారు. ఒక్కడూ అతని వంక చూడలేదు.

రత్తయ్య కదల్లేదు. చక్రం వంకే చూస్తున్నాడు.

"నట్లన్నీ గట్టిగానే బిగించానయ్యా," అన్నాడు.

కృపారావు పెదవి మీద నెత్తురు తుడుచుకున్నాడు. వంగి, ఫోర్కు మీది బొడిపె మీద వేలు పెట్టాడు.

"ఇదొకటి చూసుకోవాలి, అన్నా. లారీకి ఉండదులే. నీకెట్లా తెలుస్తుంది."