ఎంగిలి పలక

మా కోడలు ఏం పని చేస్తుందో ఇంటికొచ్చినవాళ్ళకు చెప్పడం మొదట్లో నాకు చేతనయ్యేది కాదు. బజారులోకి ఇంకా రాని వస్తువులు, ఇంకా ఎవరూ ఆడని ఆటలు పెట్టెల్లో ఆమెకి వస్తాయి. ఆమె వాటిని విప్పి, వాడి చూసి, కెమెరా ముందు కూర్చుని మంచీ చెడూ చెబుతుంది. కొనాలా వద్దా అని జనం ఆమె మాట కోసం చూస్తారు. పని అయ్యాక కంపెనీవాళ్ళు చెప్పిన మరొకరికి ఆ పెట్టె పంపేయాలి. ఆమె నోటి మీదే మా ఇల్లు సగం నడుస్తోంది.

నేను లాండ్రీలో చేసి మానేసినవాణ్ణి. ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన చేతులివి. రక్తం, చీము, కక్కు అన్నీ చూశాను. అసహ్యమనే మాట నా నోటికి సులువుగా రాదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇక రాయబోయేది మాత్రం నాకిప్పటికీ అసహ్యమే.

లోపలి గది కోడలిది. గోడలకి నల్ల స్పాంజి, కిటికీకి మందపాటి తెర. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ చీకటే. మా అబ్బాయి బస్సు డిపోకి డ్యూటీకి పోతే దీపం పట్టుకోవడం నా వంతు. మొహం మీద నీడ పడితే "మావయ్యా, కాస్త కుడికి" అంటుంది. నాకు బుద్ధి పుడితే జరుగుతాను.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. వచ్చిన పెట్టె అరచేయంత ఉంది. సీలు నా కళ్ళ ముందే కోసింది. కొత్త వస్తువు పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ వాసన వస్తుంది, నాకా వాసన అలవాటే. ఈ పెట్టెలోంచి నిద్ర లేచిన నోటి వాసన వచ్చింది. పళ్ళు తోముకోని నోరు.

లోపల గులాబీ రంగు పలక ఒకటుంది. మెత్తగా, వంపు తిరిగి ఉంది. అంగిట్లో అతికించుకుని ఆట ఆడతారట. తెర మీద ఏం తింటే ఆ రుచి నాలుక్కి తెలుస్తుందట. ఆమె రెండు వేళ్ళతో దాన్ని పైకెత్తింది. పలకకీ పెట్టెకీ మధ్య సన్నటి తీగ సాగింది. సాగి, తెగి, ఆమె మణికట్టు మీద పడింది.

"అది ఎంగిలిదమ్మా," అన్నాను.

"ఎంగిలేంటి మావయ్యా, సీలు మీ ముందేగా కోశాను. మందు పెట్టి తుడిచి పంపుతారు, ఆ తడి."

"మందు సాగుతుందా?"

"మీ పళ్ళ సెట్టు గిన్నెలో కూర్చుని రోజూ పొద్దున్నే నన్ను చూసి నవ్వుతుంది. నేనెప్పుడైనా ఏమన్నా అన్నానా?"

అంటూనే పలకని తీసుకెళ్ళింది. వేడినీళ్ళలో వేసి, మందులో ముంచి, మళ్ళీ కడుక్కొచ్చింది. వాసన పోలేదు. ఆమె ముక్కుకి తెలిసిందో లేదో, పైకి మాత్రం అనలేదు.

"నీకంటే ముందు ఎవరు పెట్టుకున్నారో?" అన్నాను.

"గళ్ళ చొక్కాకి పంపారట. అతనింకా ఒక్క ముక్క చెప్పలేదు. నాకు మంచిదే, ముందు నేనే చెబుతా."

గళ్ళ చొక్కా నాకూ తెలుసు. కోడలు చేసే పనే అతనూ చేస్తాడు. ప్రతి వీడియో మొదట్లో నాలుకతో "ట్టక్" అని చప్పుడు చేసి మొదలుపెట్టేవాడు. ఈమధ్య అతను మాట్లాడటం లేదు. అట్టల మీద రాసి చూపిస్తున్నాడు. కొత్త స్టైలని మా కోడలు నవ్వేది.

"ఇది నోట్లో ఉంటే మాట్లాడలేం. అందుకని ఊఁ అంటే చాలు, ఆట ముందుకు పోతుంది. ఊఁ అన్నప్పుడల్లా తెర మీద పచ్చ చుక్క వెలుగుతుంది."

"మరి వద్దనాలంటే?"

"ఊహూఁ అంటా."

"ఊహూఁ అంటే ఏంటో దానికి నేర్పారా?"

"తెలుగు ఇప్పుడే పెట్టారు మావయ్యా. తప్పులుంటే రాసి పంపమన్నారు. మీరు దీపం సరిగ్గా పట్టుకోండి చాలు."

పలక నోట్లో పెట్టుకుంది. చప్పరించినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు చేసింది ఆమె కాదు. పలకే అంగిటిని పట్టుకుంది.

తెర మీద వంటగది వచ్చింది. పొయ్యి దగ్గర ఒక ముసలామె వెనక్కి తిరిగి నిలబడి ఉంది. మొహం కనపడదు. చెంచా పట్టుకున్న చెయ్యి మాత్రం మన వైపుకి వస్తుంది.

"ఆకలేస్తోందా?" అంది. చెవి దగ్గర చెప్పినట్టుంది గొంతు.

"ఊఁ," అంది కోడలు. పచ్చ చుక్క వెలిగింది.

కోడలు కళ్ళు పెద్దవి చేసి, ఫోనులో పెద్ద అక్షరాలతో రాసి నాకు చూపించింది. నేను రాత్రిబడిలో చదువుకున్నవాణ్ణి, గుణింతం కూడబలుక్కుంటేగాని మాట పట్టుబడదు. పా... లు. పాలు. నిజంగా పాలే!

"బాగుందా?"

"ఊఁ."

తర్వాత పండు. ఆ తర్వాత ముసలామె మూతపెట్టిన గిన్నె తెచ్చింది. మూత తీయలేదు. చెంచా లోపలికి పోయి వచ్చింది. చెంచాలో ఏముందో తెర మీద కనపడలేదు.

కోడలి మొహం మారింది. గొంతు దగ్గర ఏదో పైకి లేచి మళ్ళీ కిందికి పోయింది. ఫోను ఎత్తింది. నేను దీపం దగ్గరికి తెచ్చి చదివాను. ఎ... వ... రి... దో... నో... రు. ఎవరిదో నోరు. నాకర్థం కాలేదు. ఆమె చెరిపేసి మళ్ళీ రాసింది. పొగాకు. పుచ్చిన పన్ను. వేరేవాళ్ళ కఫం.

"ఇంకొంచెం పెట్టనా?" అంది ముసలామె.

"ఊహూఁ!" అంది కోడలు, తల అడ్డంగా ఊపుతూ.

పచ్చ చుక్క వెలిగింది... పక్కన ఇంకొకటి వెలిగింది.

ఒక్క ఊహూఁకి రెండు చుక్కలు! దానికి 'వద్దు' అనే మాటే తెలియదు. ఊ ఒకటి, హూఁ ఒకటి. రెండుసార్లు ఒప్పుకున్నట్టు.

చెంచా వచ్చింది. మళ్ళీ వచ్చింది. కోడలు కుర్చీ చేతులు పట్టుకుని వెనక్కి వంగింది. పెదాల మూలల్లోంచి నురగ కారింది. పసుపుపచ్చగా ఉంది, అందులో నల్లటి నలుసులున్నాయి. మెడ దాకా జారింది. ఫోను నా వైపు తోసింది. నేను చదువుతున్నాను... తీ... సే...

"నాది తిన్నావుగా," అంది ముసలామె. "నీది నాకు పెడతావా?"

"ఊహూఁ... ఊహూఁ... ఊహూఁ..."

చుక్కలు. చుక్కలు. తెర నిండా పచ్చ చుక్కలు.

దీపం కింద పడేసి ఆమె నోట్లో వేళ్ళు పెట్టాను. లోపల వేడిగా, జిగటగా ఉంది. పలక అంచు దొరికింది. లాగాను. అది నా వేలిని చప్పరించింది... చెబుతున్నాగా, చప్పరించింది. రెండో చెయ్యి కూడా వేసి లాగితే ఊడివచ్చింది. దాని వెనకే మూరెడు తీగ. కోడలి నాలుక బయటికి వేలాడింది. ఉతికి పిండిన గుడ్డలా తెల్లగా ఉంది.

తెర ఆరిపోయింది.

నీళ్ళు చల్లాను. బుగ్గలు తట్టాను. "అమ్మా, అమ్మా" అని పిలిచాను. చాలాసేపటికి కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, గదిని చూసింది. నాలుక లోపలికి తీసుకుని, పళ్ళ మీద ఒకసారి తిప్పుకుంది, కొత్త చెప్పుల్లో కాలు పెట్టి చూసుకున్నట్టు.

"ట్టక్," అంది.

తర్వాత, "పెద్దాయనా, తినడానికేముంది?"

గొంతు మా కోడలిదే. కానీ మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ఆమె నన్ను మావయ్యా అని తప్ప పిలవలేదు.

వంటగదిలో నిలబడి తింది. గిన్నెలో చల్లారిన అన్నం చేత్తో కుక్కుకుంది. నోరు తెరిచి నమిలింది. గిన్నె అంచు నాకింది, గరిట నాకింది, నేను తాగి పెట్టిన టీ గ్లాసు అడుగు దాకా వేలు పెట్టి నాకింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను.

"ఆ పెట్టె పంపేయండి," అంది మెతుకులు రాలుతుండగా. "ఇంకొకళ్ళు ఎదురుచూస్తున్నారు."

కొరియర్ కుర్రాడు బెల్లు కొట్టాడు. నేను లోపలి గదికి వెళ్ళి పలకని పెట్టెలో పెట్టి మూత వేయబోయాను. సన్నటి చప్పుడు వినపడింది. చెవి ఆనించాను.

"ఊహూఁ... ఊహూఁ..."

రెండోసారి టీ పోస్తానంటే మా కోడలు అనే ఊహూఁ. నాకు తెలియదా?

పెట్టెలో ఒక సబ్బు బిళ్ళ పెట్టి, అంటించి, కొరియర్ కుర్రాడికిచ్చాను. పలక నా పిడికిట్లో ఉంది, తడిసి, వెచ్చగా, కొట్టుకుంటూ. ఎక్కడ దాచినా కోడలి ఒంట్లో ఉన్నది వెతుక్కుని పట్టుకుంటుంది. అప్పటికే గది గుమ్మంలో నిలబడి నా చేతుల వంక చూస్తోంది, మూతి తుడుచుకుంటూ.

పళ్ళ సెట్టు తీసి గిన్నెలో పడేశాను. పలకని నోట్లో పెట్టుకున్నాను.

ఆ రుచి రాయలేను. ఉతకని దుప్పట్ల మూట మొత్తం నోట్లో కుక్కినట్టుందని మాత్రం రాస్తాను. బోసి అంగిట్లో కొలత తీసినట్టు అతుక్కుంది. కక్కు గొంతు దాకా వచ్చింది. మింగేశాను. అప్పుడు ఎముకలోంచి వినపడింది, మా కోడలి గొంతు, ఎంతో దూరం నుంచి:

"మావయ్యా... ఊఁ అనకండి. ఊహూఁ కూడా అనకండి."

ఆ వెంటనే, దగ్గరగా, ఇంకో గొంతు. "ఆకలేస్తోందా?"

నేను మొండివాణ్ణి. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ అదే తిట్టేది. పెదాలు బిగించాను.

సాయంత్రం మా అబ్బాయి వచ్చాడు. "నోట్లో ఏం పెట్టుకున్నావ్ నాన్నా?"

కాగితం మీద రాసి చూపించాను: పంటి నొప్పి.

"నీకు పళ్ళెక్కడివి?" అని పడీపడీ నవ్వాడు. వంటగదిలోంచి ఆమె కూడా నవ్వింది. నిజం రాసి చూపించాను. చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. నన్ను.

అప్పటినుంచి నేను నోరు తెరవలేదు. గంజి పెదాల సందులోంచి జారవిడుచుకుంటున్నాను. చెప్పాల్సిందంతా రాస్తున్నాను. పలకలో కోడలు ఉంది, నేను ఎంగిలి మింగినప్పుడల్లా ఆమెకూ తెలుస్తుందట. "క్షమించండి మావయ్యా" అంటుంది. నేను ఒప్పుకునేదాకా ముసలామె ఆమెని ఏమీ చేయలేదట. అందుకే పట్టుకుని కూర్చున్నాను.

భయం మా అబ్బాయి గురించి. వాడు తింటుంటే కోడలి ఒంట్లో ఉన్నది పక్కన నిలబడి వడ్డిస్తుంది. "ఇంకొంచెం పెట్టనా?" అంటుంది. వాడి నోటి నిండా అన్నం ఉంటుంది. వాడు ఏదో ఒకటి అనేలోపు నేను గరిటతో పళ్ళెం మీద దడదడ కొడతాను. నాన్నకి మతి పోయిందని వాడు తల పట్టుకుంటాడు. పట్టుకోనీ.

నిన్న సాయంత్రం ఆమె వాణ్ణి ఏమీ అడగలేదు. నా వైపు తిరిగింది. "పెద్దాయనా," అంది నెమ్మదిగా, "నీది నాకు పెడతావా?"

నేను పెదాలు బిగించే ఉన్నాను. గరిట చేతిలోనే ఉంది. అయినా ఎవరో "ఊఁ" అన్నారు.

అది వంటగదిలో అన్నది కాదు. వెనక, నా గదిలోంచి వచ్చింది.

పొద్దున్న లేచి నా గదిలో ఉన్న పళ్ళ గిన్నె మూత తీశాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. పళ్ళ సందుల్లో మెత్తటి అన్నం మెతుకులు, ఇప్పుడే నమిలినట్టు. నేను వాటిని పెట్టుకుని చాలా రోజులైంది.