మైకులో పిలిచిన పేరు

పోర్ట్‌బ్లెయిర్ నడిబొడ్డు చుట్టూ ఒక చిన్న రోడ్డు తిరుగుతుంది. అబర్దీన్ బజారు గడియారం దగ్గర బయలుదేరితే మెరీనా వైపు దిగి, సముద్రపు గోడ వెంట పోయి, ఫీనిక్స్ బే మీదుగా ఎక్కి మళ్లీ గడియారం దగ్గరికే వస్తాం. పావుగంట పని. జీపు నడుపుకునే నాకు కళ్లు మూసుకుని తిరిగే దారి. గానుగెద్దు బతుకురా నీది అని మా అన్న గవరయ్య ఎగతాళి చేసేవాడు. సునామీ వచ్చిన తొమ్మిదో నాడు ఆ రోడ్డు మీద మూడుసార్లు తిరిగాను. మళ్లీ అటు పోలేదు.

అన్న కుటుంబం దక్షిణాన ఇంకో దీవిలో, హట్ బేలో ఉండేది. వదిన కాళమ్మ, ఆరేళ్ల చిట్టితల్లి ఓడలో వచ్చి, బడిలో పెట్టిన క్యాంపులో దిగారు. అన్న సునామీ వచ్చిన రోజు తెల్లారే వలలు తియ్యడానికి పోయాడు, అంతే. పిల్ల అప్పటినుంచి నోరు విప్పలేదు. నన్ను చూసి చిన్నాన్నా అని కూడా అనలేదు. అన్న ఏదో ఓడలో వచ్చేసి తమను వెతుక్కుంటూ ఊళ్లో తిరుగుతున్నాడని వదిన నమ్మకం. మైకులో పిలిస్తే వింటాడంది. గుడి మైకు, దాని గొట్టం అడిగి తెచ్చి, గొట్టాన్ని జీపు పైన కట్టాను.

నాకు నిజం తెలుసు. ఆ మధ్యాహ్నమే జెట్టీలో నూకన్న కనిపించాడు. అన్నతో కలిసి వేటకు పోయేవాడు. గవరయ్యని తన చేతులతోనే ఇసుకలో పూడ్చానని చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. వారం రోజులుగా ఓడల్లోంచి మనుషుల్ని మోసి మోసి లోపలంతా మొద్దుబారిపోయింది. వదినకి రేపు చెబుదాంలే అనుకున్నాను.

మా దగ్గర అయిదున్నరకే చీకటి పడిపోతుంది. మెరీనా వైపు కరెంటు లేదు. బురద కంపు, దాని మీద బ్లీచింగ్ పొడి ఘాటు. పిల్ల వెనక సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చుంది. వదిన నా పక్కన మైకు పట్టుకుంది. మా ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. నన్ను పిలవమంది. పోయాడని తెలిసినవాణ్ని ఎలా పిలవను? గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. చివరికి ఇంట్లో పిలిచే పిలుపే పిలిచింది.

“చిట్టితల్లి నాన్నా... బడికాడ ఉన్నాం. బేగి వచ్చీయి.”

సముద్రపు గోడ దగ్గర మలుపులో ఆ పిలుపు తిరిగొచ్చింది. కానీ మొదటి మాట ఒక్కటే వచ్చింది. చిట్టితల్లి... చిట్టితల్లి... అని. గాలి అలా ఉందేమో అనుకున్నాను.

రెండో చుట్టులో అదే మలుపు దగ్గర వదిన మళ్లీ పిలిచింది. వెనక సీట్లోంచి “ఊఁ” అని వినబడింది.

తొమ్మిది రోజుల తర్వాత పిల్ల నోట్లోంచి వచ్చిన మొదటి చప్పుడు. వదిన వెనక్కి తిరిగి పిల్ల మొహమంతా తడిమి ఏడ్చింది. నాన్నని పిలిస్తే పలుకుతోంది, ఇంకొక్క చుట్టు తిప్పమంది. కాదనలేకపోయాను. బయలుదేరేటప్పుడు క్యాంపులో సింహాచలమ్మ అనే ముసలమ్మ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. పొద్దుగూకాక సముద్రం ఒడ్డున ఎవరి పేరూ పెట్టి పిలవొద్దంది. సముద్రం ఏ పేరు వింటే ఆ మనిషినే అడుగుతుందట. చాదస్తమని అప్పుడు పట్టించుకోలేదు.

మూడో చుట్టు. ఆ మలుపులోనే ఇంజిను దానంతటదే ఆగిపోయింది. బ్లీచింగ్ వాసన పోయింది. తడి వల వాసన... జీపు లోపలే.

వదిన మైకు ఎత్తింది. నాకు మొదటిసారి భయమేసింది.

“పిలవకు వొదినా. అన్న లేడు. నూకన్న పూడ్చీసినాడంట.”

మైకు ఆన్‌లోనే ఉంది. నా మాట రోడ్డంతా వినబడింది. వదిన ఏడవలేదు. మైకు ఆపి ఒళ్లో పెట్టుకుంది. దాని మీద ఎర్ర దీపం ఆరిపోవడం నేను చూశాను.

అప్పుడు... నెత్తి మీద మైకు గొట్టం గరగరలాడింది.

“చిట్టితల్లీ...”

అన్న గొంతు.

వెనక్కి వంగి పిల్లని ముందుకి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. నోరు అరచేత్తో గట్టిగా మూశాను. పెదాలు చల్లగా ఉన్నాయి. కదల్లేదు. నా చెయ్యి కింద అవి కదల్లేదు.

“వస్తన్నా నాన్నా...”

వెనక సీట్లోంచి. పిల్ల గొంతే.

వెనక తలుపు తెరుచుకుంది. ఎవరో దిగినట్టు జీపు కాస్త పైకి లేచింది. తలుపు మూసుకుంది. చిన్న అడుగుల చప్పుడు గోడ వైపు పోయింది... గోడ దగ్గర ఆగింది... ఆ తర్వాత లేదు.

వదిన నా ఒళ్లో ఉన్న పిల్లని చూస్తూ ఉండిపోయింది. నేను మెల్లిగా చెయ్యి తీశాను.

పిల్ల మూతి తుడుచుకుంది. సముద్రం వైపు చూడలేదు. నా వైపు తిరిగి, ఆ చిన్న గొంతుతోనే, తాపీగా అంది.

“తమ్ముడూ, బండి తియ్యి. మీ వొదినకి చలేస్తంది.”

ఇంజిను ఒక్క తాళానికే అందుకుంది. అన్న మాటకి ఎదురు చెప్పే అలవాటు నాకు ఏనాడూ లేదు. బండి తీశాను. వదిన పైట చెంగు భుజం నిండా కప్పుకుని, ఆ పిల్లకి చోటిచ్చి, ఒద్దికగా పక్కకి జరిగింది.