ఫెచ్ కొట్టని తొమ్మిది రోజులు

ఆ అమ్మాయి అతని పదకొండు రోజుల పనిని ఊడ్చిపెట్టేసింది. అందులో రెండో మాట లేదు.

సర్వర్‌లో ఉన్న అతని కోడ్ మీద తన పాత కాపీని బలవంతంగా తోసింది. అతని లాప్‌టాప్ అప్పటికే డిస్కు చచ్చి రిపేరు షాపులో ఉంది. వెతుక్కోవడానికి ఇంకో చోటు లేదు.

ఆఫీసులో అతన్ని మేష్టారు అంటారు. అందరి కోడూ ఒకేచోట దాచి పంచుకునే గిట్ కమాండ్లు కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది అతనే. ఆ కొత్తమ్మాయికీ నేర్పాడు.

"పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే ఏం చెయ్యాలి?"

"కాఫీ తాగాలి మేష్టారూ."

"ఫెచ్ కొట్టాలి. మనం లేనప్పుడు మిగతావాళ్ళు సర్వర్‌లో ఏం పెట్టారో చూసుకోవాలి. ఆ తర్వాతే సొంత పని."

"మనుషుల్ని కూడా అలాగే చూసుకోవాలా?"

"ముందు కమిట్ చెయ్యండి, అంటే చేసిన మార్పుల్ని దాచిపెట్టండి. దానికి పెట్టే మెసేజ్ అర్థమయ్యేలా రాయండి. ఉత్తినే 'మార్పులు' అని రాస్తే ఊరుకోను."

కిటికీ బయట వాన పడుతోంది. ఆమె నవ్వు దాచుకోవడానికి స్క్రీన్ వైపు వంగింది. అతను చూడనట్టు చూశాడు. ఆ నెలంతా అలాగే చూశాడు.

అతని దగ్గర అలా నేర్చుకున్న అమ్మాయి చేసిన పని ఇది. టీమ్ లీడరైన పెద్దాయన అందరి ముందూ "ఇలా తొయ్యమని ఎవరు చెప్పారమ్మా?" అని అడిగితే తల దించుకుందే గాని నోరు విప్పలేదు.

మేష్టారు ఆమెతో మాట మానేశాడు. పోయిన పనిని మొదటినుంచీ రాయడానికి కూర్చున్నాడు. ఆమె బల్ల దగ్గరికి వస్తే హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాడు. వాటిలో పాటేమీ ఉండేది కాదు. ఆమె చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా వింటూ కూర్చునేవాడు. ఇక ఎవరి పనీ చూడనని ఒట్టు పెట్టుకుని ఫెచ్ కొట్టడం కూడా మానేశాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం పెద్దాయన వచ్చాడు.

"ఏమయ్యా, ఇంకా రాస్తూనే ఉన్నావా? నీ పాత పనంతా సర్వర్‌లోనే ఉందిగా!"

"ఎక్కడుంది?"

"కోపం తగ్గాక నువ్వే చూసుకుంటావులే అని ఊరుకున్నాను. ఫెచ్ కొట్టు. ఊరందరికీ నీతులు చెప్తావు గదా."

కొట్టాడు. అసలు కోడ్‌కి పక్కన విడిగా పెట్టిన కొత్త బ్రాంచ్ ఒకటి కనిపించింది. పదకొండు రోజుల పనీ చెక్కుచెదరకుండా ఉంది. దాని పైన ఆమె కమిట్లు, రోజుకొక మెసేజ్‌తో.

"మీ మెసేజ్‌లు చదువుకోవడానికి రోజూ మీ కోడ్‌ని మా ఇంటి కంప్యూటర్‌లోకి దించుకునేదాన్ని. అంతా తెచ్చి ఇక్కడ పెట్టాను."

"ఈరోజూ చూడలేదు."

"గొడుగు క్యాంటీన్‌లో మర్చిపోయారు. మీ కుర్చీకి తగిలించాను."

"చిక్కిపోయారు."

చివరిది ఆ రోజుదే. "వేరే ఊరి ఆఫీసుకి ఆరు నెలలు వేయించుకున్నాను. ఇవాళే ఆఖరు."

కుర్చీకి తగిలించిన గొడుగు అక్కడే వదిలేసి మెట్లు దిగి పరుగెత్తాడు. ఆమె గేటు దగ్గర అట్టపెట్టె పట్టుకుని వానలో నిలబడి ఉంది.

"ఫెచ్ కొట్టారా?"

"ఇప్పుడే."

"ఆ రోజు మీరు రిపేరు షాపులో ఉన్నప్పుడు ఫోన్ చేశాను. సర్వర్ ఒప్పుకోవట్లేదంటే 'కమాండ్‌కి ఎఫ్ పెట్టి బలవంతంగా తోసెయ్యండి' అన్నది మీరే. గుర్తుందా?"

"మొదటి రోజు నుంచీ గుర్తుంది. ఒప్పుకోలేకే మొహం చాటేశాను."

ఆమె తలెత్తి చూసింది. అతని మొహం మీద కారుతున్నదంతా వాన కాదు.

"వెళ్ళకు."

"వెళ్ళాలి. సంతకం పెట్టేశాను."

"మరి నేనేం చెయ్యను?"

"నేర్పిందే చెయ్యండి మేష్టారూ."

ఆరు నెలలు అతను పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా ఫెచ్ కొట్టాడు. రోజూ ఒక కమిట్ ఉండేది. "ఇక్కడ వాన." "ఇక్కడివాళ్ళకి నవ్వడం రాదు." ఒకరోజు ఏమీ లేదు. ఆ రోజు అతను ఒక్క లైనూ రాయలేకపోయాడు. మర్నాడు వచ్చింది: "నిన్న కావాలనే రాయలేదు. ఎలా ఉంటుందో తెలియాలని."

తిరిగొచ్చిన నెలకే ఆమె అతన్ని తన ఇంటికి తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసి ముచ్చటపడింది. పెళ్ళికి సరేనన్నాక ఒక్కటే అడిగింది.

"అంతా బాగుంది గాని అల్లుడూ, ఇంతకీ ఆ ఎఫ్ పెట్టమన్నదెవరు?"

తలుపు వెనక ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు.

"అదొక్కటీ అడక్కండి అత్తయ్యా. దాని గురించి ఇక జన్మలో మాట్లాడను."

మాట్లాడలేదు.