ఆది జాకెట్టు

పెళ్లికూతురి గౌను మగపెళ్లివారే కుట్టించాలన్న పద్ధతి పెట్టినవాడెవడో గాని, వాడు పెళ్లికొడుకు మంచి కోరినవాడు కాదు. ఇందులో వాదించడానికేమీ లేదు.

రెండు వేల ఆరులో మధుబాబు ఆ పద్ధతికి దొరికిపోయాడు. అతను ఏలూరులో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. పెళ్లికూతురు నిస్సీది గణపవరం. ఆమెను చూసింది ఒక్కసారే. ఆ ఒక్కసారే చాలింది.

కొలతకని గణపవరం వాళ్లు ఆది జాకెట్టు ఇచ్చారు. సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చింది మధుబాబే. టైలర్ యోబు టేపు పెట్టి చూశాడు.

"నడుం ఇరవయ్యారండీ. సన్నటి మనిషి. ఒంటికి అతుక్కుని మోకాళ్ల దగ్గర విచ్చుకునే చేపతోక మోడల్ బ్రహ్మాండంగా ఉంటుందండీ."

అక్క విజయకుమారి, "చూపులనాటికీ ఇప్పటికీ తగ్గినట్టుందిలే," అని అదే ఖాయం చేసింది. మధుబాబు చూసిన అమ్మాయి బొద్దుగా ఉంది. అది చెబితే సంబంధం చెడుతుందేమో. నోరు మూసుకున్నాడు.

పెళ్లి ఐదు రోజులుందనగా, శనివారం వర్షంలో, నిస్సీ తన మేనత్త రత్నమాణిక్యాన్ని తోడు తీసుకుని యోబు షాపుకొచ్చింది. మధుబాబు, విజయకుమారి అప్పటికే వచ్చి కూర్చున్నారు. గౌను తీసుకుని కర్టెన్ వెనక్కి వెళ్లింది. పావుగంటైనా రాలేదు. మేనత్త తొంగిచూసి, ముఖం మాడ్చుకుని వచ్చింది.

"జిప్పు సగంలో ఆగిపోయిందండీ."

"కొలతలు మీరిచ్చినవే కదండీ!" విజయకుమారి లేచింది. ఇద్దరూ గుమ్మం దగ్గర యోబుని పట్టుకున్నారు. రేకుల మీద వాన. లోపలినుంచి సన్నటి గొంతు.

"మధుబాబు గారూ, ఒక్కసారి ఇటు రండి."

వెళ్లి కర్టెన్‌కి ఇవతల నిలబడ్డాడు.

"అది నా జాకెట్టు కాదండీ. మా చెల్లిది."

"ఎందుకండీ?"

"చూపులనాడు మీ అక్కగారు కారెక్కుతూ 'పిల్ల కాస్త లావుగా ఉందిరా' అన్నారు. విన్నాను. పెళ్లినాటికి తగ్గిపోదామనుకున్నా. రెండు నెలలుగా రాత్రిపూట అన్నం మానేశా. తగ్గలేదు. రేపు చర్చిలో మన పెళ్లి ప్రకటన మూడోసారి చదువుతారు, అదే ఆఖరు. అభ్యంతరం ఉంటే ఈలోపే చెప్పేయండి."

అతను కర్టెన్‌కి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"నాకు ముందే తెలుసండీ."

"ఏం తెలుసు?"

"అది మీది కాదని. ఆ జాకెట్టు చేతిలో మీ చెయ్యి పట్టదు."

"కాఫీ ఇచ్చిన రెండు నిమిషాల్లో అంతలా చూశారా? తల దించుకునే ఉన్నారు కదా!"

"అందుకే చెయ్యి కనబడింది."

లోపల చిన్న నవ్వు. ఆ వెంటనే ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"తెలిసీ చెప్పలేదేం?"

"మీరు కాదంటారేమోనని భయమండీ."

"నేనా? రాత్రిళ్లు అన్నం మానేసింది ఎవరికోసమనుకున్నారండీ?"

మధుబాబు కర్టెన్ అంచు పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత యోబుని పిలిచి, అసలు మనిషికి కొలత తీసి కుట్టమన్నాడు.

"ఛాతీ కింద కాస్త బిగించి, అక్కణ్ణుంచి గంటలా వదిలేస్తానండీ. మెడ కోణంగా కోస్తే పొడుగ్గా కనబడతారు. తోకలో గుడ్డ బోలెడుంది, సరిపోతుంది," అన్నాడు యోబు.

విజయకుమారి ఊరుకోలేదు. "కొలత ఎలా తప్పింది? ఎవరు మోసం చేశారు? తేలకపోతే రేపు ప్రకటన ఆపమని పాస్టరుగారితో నేనే చెబుతా."

రత్నమాణిక్యం కర్టెన్ వైపు చూసింది. మధుబాబు అడ్డొచ్చాడు.

"నేనే అక్కా. వాళ్లిచ్చింది బస్సులో పోయింది. నీకు చెప్పడానికి భయమేసి వేరేది ఇచ్చాను."

"వేరేదా? ఎవరిదిరా?"

అంతదూరం అతను ఆలోచించలేదు. యోబు చేతిలో కత్తెర ఆగింది.

"ఇరవయ్యారు నడుం ఎవరిదిరా మధూ?"

అతను వానలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు చర్చిలో ప్రకటన చదువుతుంటే, ఆడవాళ్ల వైపు బెంచీల మీదే అతని చూపు. అక్క చేతిలోని బైబిలు మూసింది. కాళ్లు సర్దుకుంది. లేస్తుందనుకున్నాడు. లేవలేదు. ఎవరూ లేవలేదు.

బయటికొచ్చాక అక్క అతన్ని చర్చి మెట్లమీద పట్టుకుంది.

"తమ్ముడివని ఊరుకున్నాను. ఆ అమ్మాయికి అన్యాయం జరక్కూడదు. చెప్పు, ఆ జాకెట్టు ఎవరిది?"

"నిస్సీకి అన్యాయమేం లేదక్కా. ఆమెకి తెలుసు."

"తెలుసా! తెలిసి చేసుకుంటోందా?"

"చేసుకుంటోంది. అంతే. నువ్వడిగినా, పాస్టరుగారడిగినా, ఆ జాకెట్టు సంగతి నేను బతికున్నంతకాలం మళ్లీ ఎత్తను."