బడ్జెట్ తాంబూలం

"నాకొద్దప్పా" అంది కెంపమ్మ.

ముత్యాలప్ప చేతిలోని వెండి పళ్ళెం ఆమె ముందే ఆగిపోయింది. ఆ పళ్ళెంలోంచి తాంబూలం తీసుకోనివాళ్ళను అతను అంతవరకూ చూడలేదు. వినపడలేదేమో అనుకుని ఇంకో అంగుళం ముందుకు జరిపాడు.

"తీసుకోండి మేష్టరమ్మా. అందరూ తీసుకున్నారు."

"దీంట్లో ఏముండాది?"

"ఆకు, వక్క. సున్నం కావల్లంటే ఆ డబ్బీలో ఉండాది."

"ఆకు కింద ఒక టవరు కూడా ఉండాది. అది నాకు అరగదు."

బయట వాన మొదలైంది. మునిసిపల్ హాల్లో ఆకు నములుతున్నవాళ్ళంతా నమలడం ఆపి ఆమె వైపు తిరిగారు. ముత్యాలప్ప కూడా చూశాడు. కోపంగా చూడాలనే మొదలుపెట్టాడు గానీ, మధ్యలో ఎందుకో కోపం సంగతి మరిచిపోయాడు.

ఈ ఊరి పేరు చెప్పను. చింతామణికీ బాగేపల్లికీ మధ్య ఎక్కడో ఉందనుకోండి. యూరపులో యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. మునిసిపాలిటీ బడ్జెట్ పాసు చేసేముందు జనం మాట కూడా వినాలని పైనుంచి ఒక ఆర్డరు వచ్చి ఉంది. ప్రెసిడెంటు సుబ్బరాయప్ప వేరుశెనగ మండీ యజమాని. ఆయన ఆ ఆర్డరును కళ్ళకద్దుకుని చదివాడు, చదివాక చెమట తుడుచుకున్నాడు. జనాన్ని మాట్లాడమంటే నిజంగానే ఏదైనా మాట్లాడేస్తారని ఆయన భయం.

చివరికి ఉపాయం మన ఆచారంలోనే దొరికింది. పొలం బేరమైనా, పెళ్ళి సంబంధమైనా, తాంబూలం అందుకుంటే ఒప్పుకున్నట్టే కదా. అందుకని బడ్జెట్ రోజున ఊరంతా తమటె కొట్టించి చాటించేవాడు. వచ్చినవాళ్ళకు ఉప్పిట్టు, అదే ఉప్మా, పెట్టించేవాడు. తర్వాత పురోహితుడు సంకల్పం చెప్పినంత వేగంగా బడ్జెట్ కన్నడంలో చదివించి, వెండి పళ్ళెం తిప్పించేవాడు. తీసుకున్నవాళ్ళంతా సమ్మతించినట్టు. ఉప్పిట్టుకూ ఆకువక్కలకూ అయిన ఖర్చు 'ప్రజాభిప్రాయం' అనే పద్దు కింద రాసేవారు.

అలా ఏటేటా మా బడ్జెట్ ఏకగ్రీవంగా పాసయ్యేది. ఉప్పిట్టులో కొబ్బరి తగ్గిన ఏడు మాత్రం కొంత గొణుగుడు వినిపించిందంటారు.

ఈ ఏటి బడ్జెట్‌లో పెద్ద పని గడియార స్తంభం. నాలుగు ముఖాల టవరు ముందు కడతారు, గడియారం సంగతి మరుసటి ఏడు చూస్తారు. గడియారం లేని స్తంభమెందుకని ఒక మెంబరు అడిగితే, ముందు చోటు చేసిపెడితేనే కదా టైము వచ్చి కూర్చునేది అన్నాడు సుబ్బరాయప్ప. ఊరంతా ఒక్క మాట మీద కోరుకున్న స్తంభం అని చెప్పి, శంకుస్థాపనకు డిప్యూటీ కమిషనరును కూడా ఒప్పించాడు. స్తంభం పేరూ తన పేరూ చెక్కిన రాయి అప్పటికే మండీలో వేరుశెనగ మూటల పక్కన సిద్ధంగా ఉంది.

ఇక కెంపమ్మ. కిందిపేట పిళ్ళప్ప కూతురు. చిక్కబళ్ళాపురంలో చదువుకుని వచ్చి, మునిసిపాలిటీ ఆడపిల్లల శాలెలో పాఠాలు చెబుతోంది. ఆ శాలె కప్పు సగం పెంకులు, సగం ఆకాశం. వానొస్తే పిల్లలు ఇంటికి పరిగెత్తేవారు, కొందరు మళ్ళీ వచ్చేవారు కారు. ఈ వానలకూ కప్పు ఇలాగే ఉంటే పిల్లలను మానిపిస్తామని తల్లులు చెప్పేశారు. ఇంకొందరు తగ్గితే శాలె మూసేస్తామని ఇన్‌స్పెక్టరు చెప్పేసి పోయాడు. కప్పు సంగతి రాసినప్పుడల్లా మునిసిపాలిటీ నుంచి దుడ్డు లేదని జవాబు వచ్చేది. ఆ దుడ్డు ఎటు పోతోందో తెలుసుకుందామని ఈసారి మీటింగుకు వచ్చింది. ఆ హాల్లో బడ్జెట్‌ను మొదటినుంచీ చివరిదాకా విన్న మొదటి మనిషి ఆమే.

"ఊరి తాంబూలం వద్దనకూడదు పాపా" అన్నాడు సుబ్బరాయప్ప, గొంతులో తేనె కలిపి.

"శాలెకి కప్పు వేసినాక నేనే అడిగి తీసుకుంటానప్పా" అని చెప్పి కెంపమ్మ గొడుగు విప్పుకుని వానలోకి నడిచింది.

పళ్ళెంలో ఒక తాంబూలం మిగిలిపోయింది. ఏకగ్రీవం చెడింది. సుబ్బరాయప్ప మీటింగును వచ్చే శుక్రవారానికి వాయిదా వేసి, గుమాస్తాను లోపలికి పిలిచాడు. గుమాస్తా అంటే ముత్యాలప్పే, ఆయన చెల్లెలు లక్ష్మీదేవమ్మ కొడుకు. బెంగళూరులో ఇంటర్ చదివి వచ్చి, ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం చేస్తున్నాడు.

"శుక్రవారం లోపల ఆయమ్మ చేత తాంబూలం తీయించల్ల. ఎట్లయినా సరే" అన్నాడు మామ.

మరునాడు ముత్యాలప్ప వెండి పళ్ళెం మీద గుడ్డ కప్పుకుని శాలెకు వెళ్ళాడు. చెప్పాల్సిన మాటలన్నీ దారిలో వల్లె వేసుకున్నాడు. గుమ్మం దాటేసరికి వాన, వానతో పాటు పిల్లల గోల. కెంపమ్మ అతన్ని చూసి, ఏమి పని మీద వచ్చావనైనా అడక్కుండా, పళ్ళెం కింద పెట్టి ఈ బక్కెట్టు పట్టుకోమంది.

పట్టుకున్నాడు. బక్కెట్టులో ఒక ధార, అతని నెత్తిన ఒక ధార పడసాగాయి. నీళ్ళు పడని మూలకు పలకలతో సహా జరిగిన పిల్లలు ఎక్కాలు మాని అతన్నే చూశారు.

"టవరొస్తే మీ పిల్లోళ్ళకు కూడా టైము తెలుస్తాది కదా మేష్టరమ్మా" అన్నాడు, మామ నేర్పిన మాట గుర్తొచ్చి.

"గడియారం లేని టవరు చూసి టైము చెప్పేది నాకు రాదు. నువ్వు బెంగళూర్లో చదివినావు కదా, నువ్వే వచ్చి నేర్పించు."

నవ్వాపుకోవడానికి ఆమె నల్లబల్ల వైపు తిరిగింది. ముత్యాలప్ప మాత్రం ఆపుకోలేకపోయాడు. బక్కెట్టు ఒలికింది.

తర్వాతి రోజూ వెళ్ళాడు. ఆ తర్వాతి రోజూ. ఆమె వద్దంటుందని తెలిసే పళ్ళెం తీసుకెళ్ళేవాడు. నిజం చెప్పాలంటే, ఆమె ఎక్కడ తీసుకుంటుందోనని అతనికి భయంగా ఉండేది. తీసుకుంటే మరునాడు వెళ్ళడానికి సాకేదీ?

ఒక మధ్యాహ్నం, పిల్లలంతా వెళ్ళాక, ఆమే అడిగింది.

"మీ మామ మాట ఉండనీ. టవరు గురించి నువ్వేమంటావు?"

"నన్నెవురడిగినారు? పళ్ళెం తిప్పేవాడికి తాంబూలం ఇచ్చేవాళ్ళు యాడుండారు? అందరికీ ఇచ్చేసి ఖాళీ పళ్ళెం కడుక్కునేదే నా పని."

అతను నవ్వుతూనే అన్నాడు, కానీ ఆమె నవ్వలేదు. తడిసిన చొక్కాతో అలా నిలబడ్డ ఆ మనిషి మీద ఆమెకు జాలి కలిగింది. జాలి కన్నా కొంచెం ఎక్కువే కలిగింది. దాన్ని దాచుకోవడానికి, రేపు వచ్చేటప్పుడు ఇంకో బక్కెట్టు తీసుకురమ్మంది.

వీళ్ళిద్దరూ టవరు గురించి వాదించుకుంటున్నారని ఊరికేం తెలుసు? శాలె ఎదురుగా పూలమ్మే మునివెంకటమ్మకు కనపడింది ఒకటే. పెళ్ళికాని పిల్లవాడు వెండి పళ్ళెంలో తాంబూలం పెట్టుకుని, పెళ్ళికాని పిల్ల దగ్గరికి దినమూ వస్తున్నాడు. ఆ పిల్ల దినమూ తిప్పి పంపుతోంది. మునివెంకటమ్మకు పిల్లవాడి మీద చెప్పలేనంత దయ పుట్టి, పూలు కొన్నవాళ్ళందరికీ ఆ కష్టం చెప్పుకుంది. సాయంత్రానికి ఊరిలో తెలియని గుమ్మం లేదు.

పిళ్ళప్ప నేరుగా మండీకి వెళ్ళాడు.

"ప్రెసిడెంటప్పా, మీ మేనల్లుడు మా పాపకి దినమూ తాంబూలం తెస్తాండాడంట. పిల్లోడు మంచోడే. కాకపోతే తాంబూలం పెద్దోళ్ళు కదా తేవల్ల?"

సుబ్బరాయప్ప తెల్లబోయాడు. అది మునిసిపాలిటీ తాంబూలమని చెబితే, పెళ్ళీడు పిల్ల దగ్గరికి బడ్జెట్ కోసం మేనల్లుణ్ణి పంపినట్టవుతుంది. చెప్పకపోతే సంబంధం ఒప్పుకున్నట్టవుతుంది. మండీలో ఇంతకన్నా చిక్కు బేరాలు చేసిన మనిషి కాబట్టి ఆయన ముఖం వెంటనే వికసించింది. శుక్రవారం అదే హాల్లో, అదే పళ్ళెంలో నిశ్చయ తాంబూలం పెట్టుకుందామన్నాడు. పెళ్ళికూతురు తాంబూలం కాదనదు కదా. సంబంధమూ కుదురుతుంది, బడ్జెట్టూ పాసవుతుంది, ఆకువక్కల ఖర్చు ఒకటే.

గురువారం ముత్యాలప్ప శాలెకు మొదటిసారి ఉత్త చేతులతో వచ్చాడు. కెంపమ్మకు అప్పటికే తండ్రి చెప్పేశాడు.

"మీ మామకి లెక్కలు బాగా వస్తాయప్పా" అంది. "రేపు ఆ పళ్ళెంలోంచి తీసుకుంటే శాలె పోతాది. తీసుకోకపోతే నువ్వు పోతావు."

"నాకు నువ్వు కావల్ల కెంపమ్మా." ఇన్నాళ్ళూ మేష్టరమ్మా అన్న నోరు ఎప్పుడు మారిందో అతనికే తెలియలేదు.

"నాకూ నువ్వు కావల్ల. శాలె కూడా కావల్ల. ఒకటి చాలనుకునేదానికి నాకు మనసు రాలేదు."

అతను ఆరుతున్న బక్కెట్టును తీసి యథాస్థానంలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం చూసి ఆమెకు ఏడుపొచ్చింది.

శుక్రవారం హాల్లో జనం పట్టలేదు. బడ్జెట్ వినమని ఎన్నేళ్ళు తమటె కొట్టినా రాని ఆడవాళ్ళు, నిశ్చయమంటే పేట పేటంతా పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. ఉప్పిట్టు అయిపోయింది. బడ్జెట్ చదవడమూ అయిపోయింది, ఎప్పుడైందో ఎవరికీ తెలియదు. పళ్ళెం తిరిగింది. మగవాళ్ళు తాంబూలం చేతికి రాగానే నోట్లో వేసుకున్నారు. ఆడవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళడానికి కొంగున ముడి వేసుకున్నారు.

పళ్ళెం కెంపమ్మ ముందుకొచ్చి ఆగింది. ఆమె తలెత్తి అతని కళ్ళలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఏం చేస్తావు అన్న ప్రశ్న ఒక్కటే ఉంది.

ముత్యాలప్ప వెనక్కి తిరిగి, పళ్ళెం తీసుకెళ్ళి మామ బల్ల మీద పెట్టాడు.

"మామా, ఇన్నేండ్లూ ఊరందరికీ నేనిచ్చినాను. నాకెవురూ ఇయ్యలేదు. నేనూ ఈ ఊరోణ్ణే. నన్నూ అడగండి."

సుబ్బరాయప్ప అదో ముచ్చట అనుకున్నాడు. నవ్వుతూ స్వయంగా ఒక తాంబూలం తీసి అతనికి చాచాడు.

"వద్దు మామా. శాలెకి కప్పు వేసినాక తీసుకుంటాను."

పిళ్ళప్ప మొహం పాలిపోయింది. ఉద్యోగమూ, పెళ్ళీ రెండూ ఆ చిన్న మాటతో పోయాయని అందరికీ అర్థమైంది, ముత్యాలప్పకు అందరికన్నా ముందే అర్థమైంది.

అప్పుడు లక్ష్మీదేవమ్మ లేచింది. కొంగు ముడి విప్పి, తన తాంబూలం తెచ్చి అన్న ముందున్న పళ్ళెంలో పెట్టింది.

"టైము తెలుసుకునేదానికి నాకు కోడి ఉండాదన్నా. రేపు మనవరాలు పుడితే చదివించేదానికి శాలె యాడుండాది?"

ఆమె వెనక మునివెంకటమ్మ వచ్చింది. తర్వాత ఒక్కొక్క కొంగే విప్పుకుంటూ హాల్లోని ఆడవాళ్ళంతా వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పెట్టి వెళ్ళారు. పళ్ళెం నిండి, ఆకులు బల్ల మీదికి జారాయి.

సుబ్బరాయప్ప ఆశగా మగవాళ్ళ వైపు చూసి, మీరేమంటారని అడిగాడు. వాళ్ళేమనగలరు? తిరిగిద్దామంటే అప్పటికే నమిలేశారు. మాట్లాడదామంటే నోరు తెరవడానికి లేదు. ఎర్రటి పెదవులు బిగించుకుని నేల చూశారు.

తీసుకుంటే ఒప్పుకున్నట్టని నియమం పెట్టింది సుబ్బరాయప్పే. తిరిగిస్తే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. బల్ల మీదికి జారిన ఆకులు ఏరి గుట్ట మీద పెట్టాడు. తర్వాత గొంతు సవరించుకుని, జనం మేలుకొని ఉన్నారో లేదో చూద్దామనే టవరు మాట ఎత్తానన్నాడు. మొదటినుంచీ తన మనసు శాలె కప్పు మీదే ఉందనీ, స్తంభం పద్దు దానికే పోవాలనీ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అబద్ధమని తెలిసే కొట్టారు, ఎందుకంటే అందులో కప్పు ఉంది.

సందడిలో ముత్యాలప్ప గుట్టలోంచి ఒక తాంబూలం తీసి కెంపమ్మ దగ్గరికి వచ్చాడు. "ఇది మా ఇంటిది" అన్నాడు. ఆమె రెండు చేతులా అందుకుని కొంగున గట్టిగా ముడి వేసుకుంది.

"నోట్లో వేసుకోలేదే?"

"శాలెకి కప్పు వేసేదాకా ఈడనే ఉంటాది. వేయకపోతే వాపసు."

మర్నాటి నుంచి ముత్యాలప్ప ఆఫీసులో కన్నా పెంకుల భట్టీ దగ్గరే ఎక్కువ కనిపించాడు. పెంకులేసేవాళ్ళు ఆకు వేసుకోవడానికి దిగినా అతనికి కంగారే. కెంపమ్మ చీర మార్చినప్పుడల్లా ముడి కూడా మార్చుకునేది.

కప్పు పూర్తయింది. డిప్యూటీ కమిషనరు రానే వచ్చాడు. చెక్కించిన రాయి వృథా కాకూడదని సుబ్బరాయప్ప దాన్నే శాలె గోడలో పెట్టించాడు. కమిషనరు దాని మీద 'గడియార స్తంభం' అని చదివి, తలెత్తి పెంకులు చూసి, చాలా బాగుందని చెప్పి కారెక్కాడు.

కారు మలుపు తిరగకముందే వాన పట్టుకుంది. పిల్లలు అలవాటుగా పలకలు తీసుకుని లేచారు, కాసేపు పైకి చూసి మళ్ళీ కూర్చున్నారు. కెంపమ్మ కొంగు ముడి విప్పింది. ఆకు ఎండి పొడిపొడిగా రాలింది. వక్క మాత్రం గట్టిగానే ఉంది. దాన్ని కొరికి రెండు ముక్కలు చేసి, ఒకటి నోట్లో వేసుకుని, ఇంకొకటి ముత్యాలప్ప చేతిలో పెట్టింది.

"నాకు సమ్మతమే" అంది.

అతను అలవాటుగా పట్టుకుని నిలబడ్డ బక్కెట్టులో ఒక్క చుక్క కూడా పడలేదు.